సముద్రం నాదే అనుకున్నాను

షిప్పుల్లో పనిచేసి రిటైరైన మనిషి సరదాకి టికెట్టు కొనుక్కుని మళ్లీ షిప్పెక్కితే తప్పేమీ లేదు. అయినా సింగపూర్‌లో ఉంటున్న మా అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, నీకూ అమ్మకీ క్రూజ్ బుక్ చేశాను. ఇక్కణ్నుంచి పినాంగ్, ఫుకెట్ వెళ్లి తిరిగొచ్చేస్తారు" అన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. నా ఇంటికి నన్నే చుట్టంగా పిలిచినట్టు చిన్నతనం తోచింది. వాడు అప్పటికే డబ్బు కట్టేశాడు, వాళ్లమ్మ అప్పటికే అటక మీంచి పెట్టె దించింది. కాదనలేక వెళ్లాను. వెళ్లిన తర్వాత నేను నడుచుకున్న తీరు నాకే నచ్చలేదు. అది ఎవరితోనైనా చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది.

మాది ఉద్దానం. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా మా వైపు ఏ ఊరు చూసినా కొబ్బరి తోటలు, జీడి తోటలు. ఏ వీధిలో అడిగినా షిప్పుల్లో చేసేవాళ్లో, సింగపూర్‌లో వెల్డింగ్ పనికి వెళ్లినవాళ్లో ఉంటారు. నేను ఇంజన్ రూమ్‌లో వైపర్‌గా చేరి, ఆయిలర్‌నై, మోటర్‌మ్యాన్‌నై, చివరికి ఫిట్టర్‌గా దిగాను. ఎక్కువ కాలం బల్క్ క్యారియర్ల మీద, మధ్యలో కొన్నాళ్లు ట్యాంకర్ల మీద. మా పని జరిగే చోట వేడి 45 డిగ్రీలు దాటేది. చెవులకి రక్షణ లేకుండా నిలబడలేని మోత. మెయిన్ ఇంజన్ మూడంతస్తుల ఎత్తుంటుంది, నిమిషానికి 100 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఆ అదురు ఉక్కు గోడల్లోంచి పాకి, మంచం పట్టీల్లోంచి మన వెన్నులోకి వస్తుంది. ఇంజన్ మనుషులు మోతకి లేవరు, మోత ఆగితే లేస్తారు. జనరేటర్లు ట్రిప్పయి బ్లాకౌట్ అయితే, అలారం మోగకముందే మంచం దిగి బూట్లలో కాళ్లు పెట్టినవాణ్ని నేను.

క్రూజ్ మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఓడలో అదురే లేదు. కొత్త క్రూజ్ ఓడల్లో ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతో మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పుతాయి. 1998లో ఎలేషన్ అనే ఓడతో మొదలై, చాలా ఓడలకి ఆ మోటారు కూడా ఓడ లోపల కాకుండా అడుగున వేలాడే పాడ్‌లోనే ఉంటోంది. రెండు పక్కలా నీళ్లలోకి చాచుకునే స్టెబిలైజర్ రెక్కలు రోలింగ్‌ని మింగేస్తాయి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా పరుపు మీద పడుకుని అరచెయ్యి గోడకి ఆనించి వెతుక్కున్నాను. పక్కన మా ఆవిడ హాయిగా నిద్రపోతోంది. ఆమె అంత నిశ్చింతగా పడుకున్నందుకు కూడా నాకు కష్టమేసింది. సముద్రం మీద మొదటి రాత్రి ఎవరికైనా భయం వెయ్యాలి, నాకు వేసింది, ఈమెకెందుకు వెయ్యలేదు అనుకున్నాను. నా బుద్ధి ఎటు పోతోందో అప్పుడే గ్రహించవలసింది.

ఎక్కిన సాయంత్రమే ఒకటి జరిగింది. ప్రమాదం వస్తే ఎవరెక్కడ చేరాలో చూపించే మస్టర్ డ్రిల్‌కి ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత మోగాయి. ఎవరి స్టేషన్‌కి వాళ్లు వెళ్లి కార్డు చూపించుకోవాలి. మా వరసలో ఒక కుర్ర జంట ఫోన్‌లో వీడియో తీసుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను గట్టిగా కసురుకున్నాను. 2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా రాయికి గుద్దుకుని ఒరిగిపోయిన రాత్రి 32 మంది పోయారని, ఆ సాయంత్రం సివిటవెక్కియాలో ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్లే జరగలేదని, అందువల్లే 2015 నుంచి ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ చెయ్యాలని నిబంధన మార్చారని నిలబెట్టి చెప్పాను. చెప్పిందంతా నిజమే. అంతకుముందు ఎక్కిన 24 గంటల్లోగా చేస్తే చాలనేవారు. డ్రిల్ విషయంలో నేను ఈనాటికీ ఒక్క మెట్టు కూడా దిగను. కానీ ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ప్రాణం గురించి బెంగపడి నేను కసరలేదు. నేను షిప్పు మనిషినని ఆ వరసలో అందరికీ తెలియాలని కసిరాను. మా ఆవిడ ఆ పిల్ల దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలియదు.

తర్వాత భోజనాల దగ్గర. ఒకడు కుర్చీ లాగి కూర్చోబెట్టడం, ఇంకొకడు ఒళ్లో గుడ్డ పరవడం నేను భరించలేకపోయాను. తిన్న పళ్లేలు నేనే ఒకదాని మీద ఒకటి పేర్చి, బల్ల తుడిచేవాణ్ని. మా బల్లకి వచ్చే కుర్రాడిది బరంపురం. మా ఇచ్ఛాపురానికి దగ్గర్లోనే ఉన్న ఊరు. ఇంట్లో తెలుగే. వాడు రెండో పూట నా దగ్గరికి వంగి, "అంకుల్, దయచేసి ప్లేట్లు మీరు తియ్యకండి. మీకేదో తక్కువ చేశానని మా సూపర్‌వైజర్ నన్నడుగుతారు" అన్నాడు. అప్పటికైనా ఊరుకోవలసింది. వాడు పని ముగించి వెళ్తుంటే మెట్ల దగ్గర ఆపి, నేనూ మీలాంటివాణ్నే అని చెప్పి, కాంట్రాక్ట్ ఎన్నాళ్లు, జీతమెంత, కింద క్యాబిన్‌లో ఎంతమంది అని అడుగుతూ నిలబెట్టేశాను. వాడు మర్యాదగా జవాబులు చెప్పాడు. క్యాబిన్‌లో ఇద్దరట, బంకు మీద బంకు. మా సరుకు ఓడల్లో ఆఖరి ఏళ్లలో నాకు ఒంటరి క్యాబిన్ ఉండేది. పాతికమందికి లోపే ఉండే ఓడలో మాట్లాడే మనిషి దొరకని బాధ నాది, వెయ్యిమంది మధ్య ఒంటరిగా ఒక గంట దొరకని బాధ వాడిది. వారం మధ్యలో సెలవంటూ ఉండదు, ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా ప్రతిరోజూ పనే. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటల్లోంచే నేను ఆ కుర్రాడి సమయం లాక్కుంటున్నాను. నాకు ఆ లెక్క బాగా తెలుసు. ఆ ఒప్పందం కాగితం మా మెస్ రూమ్ గోడ మీద ఏళ్ల తరబడి చూసినవాణ్ని. అయినా వాడు పడుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు. వాడు నన్ను తనవాడిగా ఒప్పుకోవాలన్నదే నా తాపత్రయం.

వాడు ఒక్క మాట అడిగాడు. "2020లో మీరు ఓడ మీదే ఉన్నారా అంకుల్?" ఉన్నాను. కోవిడ్‌లో రేవులు మూసేసి, కాంట్రాక్ట్ అయిపోయినా దిగనివ్వక సముద్రం మీద ఉండిపోయిన సుమారు 4 లక్షల మందిలో నేనొకణ్ని. దిగాక మళ్లీ ఎక్కలేదు. ఆ మాట విని వాడు నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. వాళ్ల అన్న కూడా అలాగే ఇరుక్కుపోయాడట. నాకు దక్కవలసిన గుర్తింపంతా అక్కడే దక్కింది. అది చాలక ఇంజన్ రూమ్ చూడాలని పట్టుబట్టాను.

గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో అడిగితే కుదరదన్నారు. 2004 నుంచి ఓడల భద్రతకి ఐఎస్‌పీఎస్ కోడ్ ఉంది, ఓడలో నిషిద్ధ ప్రాంతాల్లోకి ప్రయాణికులు పోకూడదు. ఆ కోడ్ కింద గ్యాంగ్‌వే దగ్గర నేనే కాపలా కాసి ఎందరినో వెనక్కి పంపాను. అయినా చీఫ్ ఇంజనీర్‌కి చీటీ రాసిచ్చాను, నా సర్వీసంతా రాశాను. రేపు పినాంగ్‌లో ఓడ ఆగినప్పుడు ఏమైనా కబురు చెప్తామని మర్యాద కోసం అన్న మాటని పట్టుకుని, పినాంగ్‌లో దిగనన్నాను.

మా ఆవిడ ఊరు చూడాలని పొద్దున్నే తయారై కూర్చుంది. "నేను పినాంగ్ చూసేశాను, అక్కడేముంది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పక్క క్యాబిన్‌లో ఉన్న కోయంబత్తూరు దంపతులతో కలిసి దిగిపోయింది. నేను ఆ రోజంతా కబురు కోసం కౌంటర్ చుట్టూ తిరిగాను. కబురు రాలేదు. రానక్కర్లేదు కూడా.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. నేను పినాంగ్ చూడలేదు. లంగరేసిన ఓడ మీంచి రాత్రిపూట దీపాలు చూశాను. ఇంటి దగ్గర మాత్రం చూశానని చెప్పాను. పినాంగ్ ఒక్కటే కాదు. సరుకు ఓడ రేవుకి వచ్చిందంటే ఇంజన్ వాళ్లకి అసలు పని అప్పుడే మొదలు. నడుస్తున్నప్పుడు ఆపలేని మెయిన్ ఇంజన్ని విప్పేది రేవులోనే. స్కావెంజ్ స్పేస్‌లోకి దూరి మసి గోకాలి, ప్యూరిఫయర్లు విప్పి కడగాలి, బంకరింగ్‌కి, అంటే ఇంధనం నింపుకోడానికి, గొట్టాలు కలపాలి. ట్యాంకరైతే ఒకటి రెండు రోజుల్లో సరుకు దించుకుని వెళ్లిపోతుంది, దాని జెట్టీ ఊరికి ఎంతో దూరం. షోర్ లీవ్ దొరికినా సీమెన్స్ క్లబ్ దాకా వెళ్లి ఇంటికి ఫోన్ చేసుకుని తిరిగొచ్చేవాళ్లం. నా సీడీసీ పుస్తకాల్లో, అంటే షిప్పు మనిషి సర్వీసు రాసే పుస్తకాల్లో, ముద్రలున్న ఓడలు తిరిగిన రేవుల్లో నా కాళ్లకి మట్టి అంటినవి చాలా తక్కువ. సెలవుకి ఊరొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని రోటర్‌డామ్ ఇలా ఉంటుంది, శాంటోస్ అలా ఉంటుంది అని చెప్పింది సగం ఎవరో చెప్పగా విన్నది. అందరూ నోళ్లు తెరుచుకుని వింటుంటే నిజం చెప్పబుద్ధి వేసేది కాదు.

సాయంత్రం ఆమె వచ్చింది. జార్జ్‌టౌన్‌లో ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ నుంచి నడిచి వెళ్లిపోయేంత దూరంలోనే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. గుడి చూసింది, పూలు కొనుక్కుంది. సముద్రంలోకి కర్రలు దింపి వాటి మీద ఇళ్లు కట్టుకున్న చైనా కుటుంబాల జెట్టీ మీద నడిచింది. ఆ ఇళ్ల ముందు ఆరేసిన బట్టలు, దేవుడి గూళ్లు, కింద నీళ్లలో కదిలే పడవలు అన్నీ చెప్పింది. నేనిన్నేళ్లలో ఏ రేవు గురించీ ఆమెకి అంత వివరంగా చెప్పలేకపోయాను. విని, "అవును, నేను చూసినప్పుడు కూడా అలాగే ఉంది" అనబోయాను. నోటి దాకా వచ్చిన ఆ మాట ఆగింది. ఎందుకాగిందంటే ఆమె ఆ వెంటనే ఇలా అడిగింది: "మీ తాత రంగం వెళ్లినది ఇలాటి షిప్పులోనేటండీ?"

రంగం అంటే రంగూన్. మా తాత డెక్ టికెట్టు మీద వెళ్లాడు. అప్పుడు గోపాలపూర్, బారువ, కళింగపట్నం, విశాఖ తీరాల నుంచి స్టీమర్లు మనుషుల్ని ఎక్కించుకుని బర్మా పోయేవి. మలయా తోటలకి వెళ్లేవాళ్లు మద్రాసు నుంచి రాజులా లాంటి ఓడల్లో పినాంగ్, సింగపూర్‌లకి వెళ్లేవారు. 1926లో కట్టిన ఆ రాజులా దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. దానికి క్యాబిన్లు కొద్ది, డెక్ జనం వేలల్లో. చాప పరుచుకున్నంత మేర వాళ్ల జాగా. 1942లో జపాను వాళ్లు బర్మా మీద పడినప్పుడు ఓడలు దొరక్క, కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చిన తెలుగువాళ్లలో మా తాత ఒకడు. ఆ తర్వాత ఆయన సముద్రం వైపు వెళ్లలేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ కథంతా మా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో పక్కన కూర్చుని విన్నది ఆమే, నేను అప్పుడు షిప్పు మీద ఉన్నాను.

"కాదు, నేను పినాంగ్ దిగనేదు" అన్నాను. ముందు పినాంగ్ సంగతి, తర్వాత ఒక్కొక్క రేవు సంగతీ ఒప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు" అంది. ఎలా తెలుసంటే, ఏ ఊరి నుంచీ ఒక్క మట్టి బొమ్మ కూడా తేలేదట. తెచ్చినవన్నీ ఓడలోకి వచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొన్న వాచీలూ, సెంటుసీసాలేనట.

ఇంకో అబద్ధం మిగిలింది. పెళ్లైన కొత్తలో ఆమె నాతో ఒకసారి షిప్పెక్కుతానని అడిగింది. మా వీధిలో ఒక థర్డ్ ఇంజనీర్ భార్య వెళ్లొచ్చింది. "షిప్పు ఆడవాళ్లుండే చోటు కాదు" అన్నాను, కోపంగా అన్నాను. ఆఫీసర్లు భార్యల్ని తీసుకెళ్లేవారు, మాలాంటి కింది హోదా రేటింగ్‌లకి ఆ వీలుండేది కాదు. ఆ మాట చెప్పడం నాకు అవమానమనిపించింది. ఆమె మళ్లీ అడగలేదు. ఈ క్రూజ్‌లో ఆఫీసర్ యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు ఎదురైనప్పుడల్లా ఆమె ఆగి చూసేది. ఒకమ్మాయి భుజాల మీద మూడు బంగారు చారలున్నాయి. అంటే ఏమిటని అడిగితే చెప్పాను. ఆమె ఆ అమ్మాయి కనబడినంతసేపూ చూసింది. ఈ అబద్ధం ఒప్పుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఒప్పుకున్నాను.

ఆ రాత్రి మలక్కా జలసంధిలో పై డెక్ మీద నిలబడ్డాం. 800 కిలోమీటర్ల ఈ జలసంధిలో రాకకి ఒక దారి, పోకకి ఒక దారి 1981 నుంచి ఏర్పాటై ఉన్నాయి. సింగపూర్ దగ్గర ఫిలిప్ చానెల్‌లో మొత్తం వెడల్పే 3 కిలోమీటర్లకి లోపు. మా పక్కనుంచి నిండు సరుకుతో బాగా మునిగిన ట్యాంకరొకటి పోతోంది. దాని డెక్ మీద మనుషులెవరూ కనబడరు. "మీరెక్కడుండేవోరు అందులో?" అని అడిగింది. వెనకభాగంలో, నీటి మట్టానికి కింద అని చూపించాను. "అక్కణ్నుంచి సముద్రం కనబడదు కదా" అంది. కనబడదు. అప్పుడు తిత్లీ సంగతి తీసింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు స్తంభాలు, టవర్లు పోయాయి. నేను బ్రెజిల్‌లో శాంటోస్ రేవు బయట లంగరులో ఉన్నాను. మాకింకా 10వ తేదీ రాత్రి. నీళ్లు కదలడం లేదు. మెస్‌లో సినిమా చూస్తున్నాం. ఫోను కలిశాక నేను అడిగినవి పైకప్పు గురించి, చెట్ల గురించి, పరిహారం కాగితాల గురించి. ఆమె ఆ రాత్రి మా అమ్మని మంచం కిందకి చేర్చి, తలుపుకి బియ్యం డ్రమ్ము అడ్డంపెట్టి, తెల్లారేదాకా వీపుతో ఆనుకుని కూర్చున్నదట. గాలిలో ఉప్పు నీళ్లు ఇంట్లోకి వచ్చాయట. "ఆ రాత్రి నాకేటైందో మీరెప్పుడూ అడగనేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు.

తుపాను దెబ్బ తిన్నవాణ్ని నేనేనని, సముద్రం అంటే ఏమిటో ఇంట్లో నాకొక్కడికే తెలుసని ఇన్నేళ్లూ నడిచాను. ఇంజన్ మనిషిని, సముద్రం చూసిందే తక్కువ. అది ఇంట్లోకి వచ్చినప్పుడు తలుపు పట్టుకున్నది ఆమె. ఆ డెక్ మీద నేను అడగవలసినవన్నీ అడిగాను, ఆమె చెప్పింది, జనమంతా లోపలికి వెళ్లిపోయేదాకా చెప్పింది.

క్రూజ్ గురించి నా అభిప్రాయం పూర్తిగా మారిందనను. అంత పెద్ద ఓడలో సముద్రం కనబడే చోటు వెతుక్కోవాలి, అంగళ్లూ కాసినో దారికడ్డం వస్తాయి. కింద రెండు బంకుల క్యాబిన్‌లో బరంపురం కుర్రాడు ఉన్నాడని తెలిసి పైన తిన్న భోజనం నాకు ఈనాటికీ సహించదు. కానీ అది నేను చూసుకోవలసిన బాధ. దాన్ని మా ఆవిడ పళ్లెంలో వడ్డించే హక్కు నాకు లేదు. ఫుకెట్‌లో ఆమెతో దిగాను, ఆమె ఎటు నడిస్తే అటు నడిచాను. ఆఖరి రోజు ఆ కుర్ర జంట ఫలహారాల దగ్గర కనబడితే వెళ్లి క్షమాపణ అడిగాను. వాళ్లకి నా ఇంగ్లీషు అర్థమైంది.

ఇంటికొచ్చాక సీడీసీ పుస్తకాలు బయటికి తీశాం. ఒక్కో ముద్ర దగ్గర ఆగి, ఆ ఓడ ఏ రేవులకెళ్లింది, నేనెక్కడ దిగాను, ఎక్కడ దిగలేదు, ఆ నెలల్లో ఇంటి దగ్గర ఏం జరిగింది అని ఇద్దరం చెప్పుకుంటున్నాం. మా అబ్బాయికి జ్వరం తగ్గని నెలలో నేను రోటర్‌డామ్‌లో ఉన్నానని ఒక ముద్ర వల్ల తెలిసింది. పని ఇంకా అవలేదు. ఈమధ్య ఆమె విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఓడ సంగతి కనుక్కుంటోంది. ఊరి పేరు శ్రీ విజయపురమని మార్చారు కానీ మా వైపు ఇంకా పాత పేరే. మూడు రోజుల దగ్గర ప్రయాణం, అందులో బంకు క్లాసు ఉంటుంది. తాతగారు వెళ్లినట్టు జనం మధ్య వెళ్లాలని ఆమె కోరిక. వానాకాలం పోయాక వెళ్దామని నేనన్నాను, సరేనంది.